పసిబిడ్డల చిరుతిండి

(పాఠశాల వార్షికోత్సవ సందర్భమున జరిగిన తల్లిదండ్రుల సభలో శిశుతరగతుల ఉపాధ్యాయినుల పక్షమున చదివిన ప్రసంగ పాఠము)



వార్షికోత్సవ సభలలో పరీక్షాఫలితములను గూర్చియు, ఆటపాటలను గూర్చియు ప్రసంగించుట ఆచారము. నేడు మేము మాటలాడదలచినది ఇంకను బడిలో చేరని బిడ్డలను గూర్చి. ఈ సభలోనే తల్లుల యొడిలో కూర్చున్న ఏడాది, రెండేండ్ల, మూడేండ్ల పసివారు మీ కన్నుల యెదుటనే ఉన్నారు. వారు మా తరగతులకు వచ్చుటకు ఇంకను కొంత కాలము పట్టును. కాని మేము వారిచే అక్షరములు దిద్దించునాటికి వారి యెముక, రక్తము, దంతము, మెదడు చాలవరకు ఇంటనే రూపు దిద్దుకొని యుండును. బలపము పట్టు వ్రేళ్ళకు బలమిచ్చునది బడి కాదు, అమ్మ వంటయిల్లు. అందుచేత పసిబిడ్డల చిరుతిండి బడికి సంబంధించని విషయమని మీరు తలంపరని మా నమ్మకము.

చిరుతిండి యనగానే మనకు పండుగ పిండివంటలో, సంత నుండి తెచ్చిన పొట్లమో జ్ఞాపకమునకు వచ్చును. పెద్దవారికి చిరుతిండి సరదా. ఉన్న మంచిది, లేకున్న లోటు లేదు. తప్పటడుగుల బిడ్డకు మాత్రము అట్లు కాదు. వాని కడుపు చిన్నది. వాని యెదుగుదల పెద్దది. 1 నుండి 3 ఏండ్ల బిడ్డకు దినమునకు 1,000 కేలరీలకు పైబడిన శక్తియు, 500 మిల్లీగ్రాముల కాల్షియమును, 8 మిల్లీగ్రాముల ఇనుమును కావలెనని భారత వైద్య పరిశోధనా మండలి 2020లో ప్రకటించిన పట్టికలు చెప్పుచున్నవి. పెద్దవారివలె రెండు మూడు పూటల తినిన మాత్రమున ఇంతయు ఆ చిన్న కడుపున ఇమడదు. కావుననే మూడు భోజనములకు తోడు నడుమ రెండు మారులు చిరుతిండి పెట్టవలెననియు, తల్లిపాలు రెండేండ్లు నిండువరకు మానరాదనియు వైద్యులు బోధించుచున్నారు. పసిబిడ్డ విషయమున చిరుతిండి యనగా చిరు భోజనము. ఈ ఒక్క మాటను మీ మనస్సున నాటుటయే మా ప్రసంగమునకు ప్రయోజనము.

ఇంత పట్టుదలగా ఏల చెప్పుచున్నామందురా? 2019-21 సంవత్సరములలో జరిగిన జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారము మన కర్ణాటక రాష్ట్రమున ఆరు నెలలు మొదలు ఐదేండ్లలోపు బిడ్డలలో నూటికి 65 మందికి పైగా రక్తహీనత కలదు. నూటికి 35 మంది వయస్సునకు తగిన యెత్తు ఎదుగలేదు. వీరందరును అన్నము లేని యిండ్ల బిడ్డలని తలంపరాదు. కడుపు నిండియు రక్తము చాలని బిడ్డలు కలిగిన యిండ్లలోను ఉన్నారు. కడుపు దేనితో నిండినదన్నదియే ప్రశ్న.

ఉదయమున టీలో ముంచిన బిస్కెట్టు, మధ్యాహ్నమున అంగడి పొట్లము, సాయంకాలమున మరల టీ బిస్కెట్టు: ఇది నేడు పల్లెలలోను, పట్టణములలోను బిడ్డల దినచర్యగా మారుచున్నది. పొట్లము వెనుక ముద్రించిన చిన్న అక్షరములను ఒకమారు చదువుడు. ఏ పదార్థ మెక్కువో దానిని ముందుగా వ్రాయవలెనన్నది చట్టము. పెక్కు పొట్లములపై మైదా, చక్కెర, తాటిజాతి నూనె, ఉప్పు అన్నవియే ముందు వరుసలో కనబడును. ఇక టీ సంగతి. టీలోని వగరు పదార్థము అన్నములోని ఇనుమును రక్తమున చేరనీయదు. కాగా టీ బిస్కెట్టు బిడ్డకు బలము నీయకపోవుటయే గాక, తరువాతి భోజనమునందలి బలమును గూడ కొంత హరించును. ఆకలిని చంపి, భోజనమును చెరచు తిండి చిరుతిండి కానేరదు.

అంగడి తిండిని నిందించి ఊరకుండుట సులభము. పొలము పనికి, కర్మాగారమునకు, కచేరికి పోవు తల్లులు ఈ సభలో పెక్కుమంది కలరు. తెల్లవారుజామున లేచి పొయ్యి రాజేసి, బిడ్డను అవ్వ చేతికప్పగించి బస్సునకు పరుగిడు తల్లికి బిస్కెట్టు పొట్లము చేతికందు సౌకర్యమని మేమెరుగుదుము. కావున దినదినము వండవలసినవి గాక, పక్షమునకు ఒకనాడు సిద్ధము చేసికొని డబ్బాలో దాచుకొనదగినవి మొదట చెప్పెదము. వీనికి కావలసిన సరకులు దూరమున లేవు. మన బాగేపల్లి, గుడిబండ, చింతామణి సీమలు వానను నమ్ముకొని పండు నేలలు. వరి మడులు తక్కువైనను రాగులు, చెనిక్కాయలు, అనుములు, ఉలవలు, అలసందలు మన మెట్టచేలు మనకిచ్చినవి. పసిబిడ్డకు కావలసినవి దాదాపు అవియే.

మొదటిది రాగి. హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ 2017లో ప్రచురించిన పట్టికల ననుసరించి 100 గ్రాముల రాగులలో సుమారు 364 మిల్లీగ్రాముల కాల్షియము కలదు. ధాన్యములలో దీనికి సాటి లేదు; బియ్యములో ఇది పది మిల్లీగ్రాములకు అటునిటుగా మాత్రమే యుండును. ఐక్యరాజ్యసమితి 2023ను చిరుధాన్యముల అంతర్జాతీయ సంవత్సరముగా జరిపిన తరువాత పట్టణములవారు రాగులను వెదకికొని కొనుచున్నారు. రాగి పుట్టినిల్లు తూర్పు ఆఫ్రికా మెట్టభూములు. నేటికిని ఉగాండా, కెన్యా దేశములందలి తల్లులు రాగిజావనే తమ బిడ్డలకు పట్టుచున్నారు. సముద్రమున కావలి తల్లియు, చిత్రావతి యొడ్డున మన తల్లియు ఒకే గింజను నమ్ముకొనుట విశేషము.

అయితే రాగిపిండిని ఊరక ఉడికించిన అది చిక్కబడి ముద్దయగును. బిడ్డ మ్రింగుటకై నీరు కలిపి పలుచన చేసిన కడుపు నీటితో నిండును గాని బలము చాలదు. ఈ చిక్కునకు మన అవ్వలు కనుగొనిన ఉపాయము మొలకెత్తించుట. గింజ మొలకెత్తునపుడు అందలి పిండిపదార్థమును విడగొట్టు ఒక ద్రవ్యము పుట్టును. ఆ పిండితో కాచిన జావలో ఎక్కువ పిండి వేసినను అది పలుచగనే యుండును. అంతే గాక గింజలో ఇనుమును బంధించియుంచు పదార్థములు మొలకలో కొంత తగ్గును. 1950లో మైసూరున స్థాపింపబడిన కేంద్ర ఆహార సాంకేతిక పరిశోధనాలయమున శాస్త్రజ్ఞులు ఈ విషయమును పరిశోధించి, మొలక ధాన్యములతో పసిబిడ్డల ఆహారమును చేయు విధానములను వెల్లడించిరి. అవ్వల అనుభవమును పరిశోధనాలయము బలపరచినదన్నమాట.

చేయు విధము: ఒక కిలో రాగులను రాళ్ళు లేకుండ జల్లించి, మూడు నాలుగు నీళ్ళలో కడిగి, రాత్రి నానబెట్టవలెను. ఉదయమున నీరు వంచి, శుభ్రమైన తడిబట్టలో మూటగట్టి, ఆరకుండ అప్పుడప్పుడు నీరు చిలుకరింపవలెను. ఒకటి ఒకటిన్నర దినములో తెల్లని మొలకలు కనబడును. మొలకలు పొడుగగుటకు వేచియుండనక్కర లేదు. జిగటగ మారినను, పులిసిన వాసన వచ్చినను, బూజు కనబడినను ఆ మూటను బిడ్డకు వాడరాదు. తరువాత ఎండలో గలగలలాడునట్లు ఎండబెట్టి, చేతులతో నలిపి మొలకలను రాల్చి చెరిగి, సన్నని సెగపై కమ్మని వాసన వచ్చువరకు మాత్రము వేయించి, మరలో పిండి పట్టించవలెను. మాడ్చిన యెడల మొలక వలన కలిగిన గుణము నశించును. తడి తగులని డబ్బాలో ఈ పిండి ఒక నెల నిలుచును. రెండు పెద్ద చెంచాల పిండిని మొదట చల్లని నీటిలో ఉండలు కట్టకుండ కలిపి, ఒక గ్లాసు నీటితో సన్నని సెగపై కలియబెట్టుచు ఏడెనిమిది నిముషములు ఉడికించి, పాలు చేర్చి, కొంచెము నేయి వేసి, గోరువెచ్చగా చెంచాతో పెట్టవలెను. తీపి కావలెనన్న మెదిపిన అరటిపండు చాలును. తీపి ఒల్లని బిడ్డకు పాలు చేర్చక, చల్లార్చిన జావలో మజ్జిగయు వేయించిన జీలకర్ర పొడియు కలిపి ఈయవచ్చును.

రెండవది చెనిక్కాయ. వేరుశనగలో నాలుగింట ఒక వంతుకు దగ్గరగా మాంసకృత్తులు కలవు. నూనె కలది గావున కొంచెము తినినను ఎక్కువ శక్తి వచ్చును. చిన్న కడుపునకు కావలసినది ఇదియే. వేయించి పొట్టు తీసిన చెనిక్కాయల పొడి 50 గ్రాములు, వేయించిన రాగిపిండి 100 గ్రాములు, వేయించి దంచిన నువ్వులు 20 గ్రాములు, గింజలు తీసి మెత్తగా నూరిన ఖర్జూరపు ముద్ద 60 గ్రాములు, రెండు చెంచాల కాచిన నేయి కలిపి ఉసిరికాయంత ఉండలు కట్టవలెను. ఉండను చిదిపి కొంచెము కొంచెముగా పెట్టవలెను. పాలలో కలిపినను మంచిదే. ఈ ఉండలను వారము దినములకు సరిపడ మాత్రమే చేసికొనుడు. ఇందు రెండు జాగ్రత్తలు ముఖ్యము. గింజను గింజగా ఐదేండ్లలోపు బిడ్డకు ఈయరాదు; గొంతున అడ్డుపడిన ప్రాణాపాయము. పొడియైనను, మెత్తని ముద్దయైనను చేసియే ఈయవలెను. ఇక చెమ్మ తగిలి బూజు పట్టినవి, ముడుతలు పడి నల్లబడినవి, చేదెక్కినవి ఒక్కటియు కలియనీయరాదు. ఆ బూజునందలి విషము కాలేయమునకు హాని చేయును. వేయించినను అది పూర్తిగా పోదు. మంచివి అమ్మి, తాలు గింజలను ఇంటికి ఉంచుకొను వాడుక కొన్ని యిండ్లలో కలదు. బిడ్డలున్న యింట ఆ లెక్క తలక్రిందులు కావలెను.

మూడవది పప్పుధాన్యములు. మార్గశిర, పుష్య మాసములలో మన సంతలు అనపకాయలతో నిండును. ఆ గింజలను నానబెట్టి పితికి తీసిన పప్పు, మన పితికిపప్పు, పసిబిడ్డకు శ్రేష్ఠమైనది. పొట్టు పోవుటచే మెత్తగా ఉడుకును. బాగుగ ఉడికించి మెదిపి, జీలకర్ర, చిటికెడు ఉప్పు, నేయి చేర్చి పెట్టుడు. తక్కిన కాలమున పెసలు, అలసందలు మొలకెత్తించి ఉడికించి మెదిపి గుగ్గిళ్ళుగా పెట్టవచ్చును. దించిన పిదప నాలుగు చుక్కలు నిమ్మరసము పిండుట మరువకుడు. పులుపునందలి సి విటమిను పప్పులోని ఇనుమును రక్తమున చేర్చును. నిమ్మపండైనను, జామపండైనను, ఉసిరికాయ రసమైనను ఈ పని చేయును. టీ చేయు చెరుపునకు ఇది విరుగుడువంటిది.

నాలుగవది అప్పటికప్పుడు చేయదగిన చిట్టి అట్టు. రాగిపిండిలో మూడవ వంతు పెసరపిండి కలిపి, సన్నగ తరిగిన మునగాకును, తురిమిన కారెట్టును చేర్చి, చేతిలో పట్టునంత అట్లు మెత్తగా కాల్చి ముక్కలు చేసి పెట్టిన బిడ్డ తానే తీసికొని తినును. తానై తినుట గూడ ఒక విద్యయే. గ్రుడ్డు తిను యిండ్లవారు గట్టిగ ఉడికించిన గ్రుడ్డును మెదిపి పెట్టవచ్చును. పండ్లలో బొప్పాయి, సపోటా, జామ, సీతాఫలము, అరటి మనకు దొరకుచునే యున్నవి. సీతాఫలపు గింజలను, సపోటా గింజలను మాత్రము తప్పక తీసివేయుడు.

సంక్రాంతినాడు మన కన్నడ పొరుగువారు ఎళ్ళు-బెల్లము పంచుదురు. నువ్వులు, చెనిక్కాయలు, వేయించిన సెనగపప్పు, కొబ్బరి, బెల్లము ఇందు చేరును. హైదరాబాదు పోషకాహార సంస్థవారు బిడ్డల కొరకు రూపొందించిన 'హైదరాబాదు మిశ్రమము'ను దీనితో పోల్చి చూడుడు. గోధుమలు 40 గ్రాములు, సెనగలు 16 గ్రాములు, వేరుశనగ 10 గ్రాములు, బెల్లము 20 గ్రాములు వేయించి పొడి చేసిన అందు 330 కేలరీల శక్తియు, 11 గ్రాములకు పైగా మాంసకృత్తులును లభించును. ధాన్యము, పప్పు, నూనెగింజ అను మూడును కలిసిన ఒకదాని లోటును మరియొకటి తీర్చును. పండుగ పళ్ళెరమున మన పెద్దలు చేర్చినదియు ఇంచుమించు ఈ కూర్పే. ఈ మూటిని మెత్తని పొడిగా కొట్టి డబ్బాలో ఉంచుకొనిన యెడల, వేడిపాలు పోసి రెండు నిముషములలో బిడ్డ చేతి గిన్నె నింపవచ్చును. బస్సునకు పరుగిడు తల్లికి బిస్కెట్టు పొట్లము కంటె ఇదేమియు కష్టము కాదు.

ఇంటి తిండి యైనంత మాత్రమున అన్నియు మంచివి కావు. ఇందును దిద్దుకొనవలసినవి కలవు. మొదటిది తీపి. బెల్లము చక్కెర కంటె మేలని మనము నమ్ముదుము. కాని బిడ్డ కడుపున అదియు చక్కెరయే. రెండేండ్లలోపు బిడ్డల ఆహారమున విడిగా చక్కెర కలుపరాదని పోషకాహార సంస్థ 2024లో వెలువరించిన సూచనలలో కలదు. కావుననే ఉండలలో ఖర్జూరము చెప్పితిమి. రెండేండ్లు దాటిన పిదప బెల్లము కొంచెముగా చేర్చవచ్చును. ఏడాది నిండని బిడ్డకు తేనె నాకించుట మానవలెను.

రెండవది నీరు. ఇది మన తాలూకాకు ప్రత్యేకమైన కష్టము. బాగేపల్లి ప్రాంతమున అనేక గ్రామముల బోరుబావుల నీటిలో ఫ్లోరైడు అధికముగ నున్నది. లీటరునకు ఒక మిల్లీగ్రాము మించరాదన్నది ప్రమాణము. వేరు నీరు దొరకనిచోట ఒకటిన్నర వరకు మాత్రమే సహింపవచ్చును. అంతకు మించిన నీటిని త్రాగి పెరిగిన బిడ్డలకు పాలపండ్లు ఊడి వచ్చు పండ్లపై సున్నపు మరకలు, గోధుమ చారలు ఏర్పడును. ఆ పండ్లు చిగుళ్ళలో రూపుదాల్చునది ఈ పసితనముననే. పిదప చేయగలిగినది స్వల్పము. నీటిని కాచిన క్రిములు చచ్చును గాని ఫ్లోరైడు పోదు. మరిగి తగ్గినకొలది ఇంకను చిక్కబడును. కావున జావ కాచుటకు, పప్పు ఉడికించుటకు గూడ శుద్ధిచేసిన నీటినో, శుభ్రముగ నిలువచేసిన వాననీటినో వాడుడు. పాలు, రాగులు, పుల్లని పండ్లు సమృద్ధిగా తిను బిడ్డకు ఫ్లోరైడు చేయు కీడు కొంత తగ్గును. పొరుగు సీమల బిడ్డ కంటె మన సీమ బిడ్డకు రాగిజావ మరింత అవసరమని చెప్పుటకు ఇది కారణము.

మూడవది వేళ. భోజనమునకు రెండు గంటల ముందే చిరుతిండి ముగియవలెను. కూర్చుండబెట్టి పెట్టవలెను, పరుగులెత్తు బిడ్డ నోటిలో కుక్కరాదు. చేతులు కడుగక పెట్టరాదు. ఫోనులో బొమ్మలు చూపుచు మ్రింగించిన బిడ్డకు తన ఆకలి తనకు తెలియకుండ పోవును. వద్దని మొగము త్రిప్పిన బిడ్డను బలవంతపెట్టక, మరునాడు మరల చూపుడు. క్రొత్త రుచి పది మారులు చూచిన గాని కొందరికి పట్టుబడదు.

తండ్రులకు ఒక మనవి. రాళ్ళు ఏరుట, మూట తడుపుట, ఎండబెట్టుట, మరకు మోసికొనిపోవుట: వీనిలో స్త్రీలే చేయవలసిన పని ఒక్కటియు లేదు. బిడ్డ యిద్దరిది, డబ్బా నింపు బాధ్యతయు ఇద్దరిది. ఇంట అవ్వలు, తాతలు ఉన్నవారు అదృష్టవంతులు. చేతి కొలత తెలిసినవారు వారే. తీపి, గింజ విషయమున నేటి వైద్యుల మాటను వారికి మెల్లగా తెలుపుడు. మొలక, వేపు విషయమున వారి మాటను మీరు వినుడు.

తుదకు మన సంఘమునకు తగిన మాట యొకటి చెప్పి విరమింతుము. మాతృభాషలో ప్రాథమిక విద్య కొరకు 1956లో మన రాజ్యాంగమున ప్రత్యేకముగ ఒక అధికరణమే చేర్చబడినది. దాని బలముననే మనవంటి పాఠశాలలు తలయెత్తుకొని నిలుచుచున్నవి. కాని బిడ్డకు మాతృభాష మొదట అందునది పాఠ్యపుస్తకమున గాదు, అమ్మ చేతి ముద్దతోడనే. మా తరగతికి వచ్చిన బిడ్డలను 'నీవేమి తింటివి?' అని అడిగినపుడు, బిస్కెట్టు, చాక్లెట్టు, చిప్సు అను మాటలు మాత్రమే వచ్చిన తెలుగున వాక్యమెట్లు సాగును? ఉండ, జావ, గుగ్గిలి, పితికిపప్పు, అట్టు అని చెప్పగల బిడ్డ వానిని రుచి చూచిన బిడ్డయే. వస్తువు ఇంటనుండి పోయిన పేరు నోటనుండి పోవుటకు ఎంతో కాలము పట్టదు. కన్నడ పొరుగింటి హురిహిట్టును, మన యింటి పేలపిండిని రెండింటిని ఎరిగిన బిడ్డకు రెండు భాషలును సొంతమగును.

కావున ప్రతి యింటను ఒక డబ్బా మొలక రాగిపిండియు, ఒక డబ్బా పప్పు గింజల పొడియు నిండియుండునట్లు చూడుడని మా విన్నపము. మూడేండ్లు మీరు ఆ డబ్బాలను నింపుడు. ఆ పిదప ఆ బిడ్డను మా చేతికిండు. అక్షరములు నేర్పు భారము మేము వహింతుము.